ఆయన జబ్బు పేరు ఆయనకే చెప్పకుండా ఎన్నాళ్లు?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. మా ఆయన ఆర్టీసీ డ్రైవర్, వయసు 48. నిరుడు ఎండాకాలంలో ఎడమకాలు పట్టు తప్పింది. క్లచ్ తొక్కలేక సెలవు పెట్టాడు. ఇప్పుడు చేతివేళ్లు కూడా బిగువు తప్పాయి. హైదరాబాద్‌లో మెడ ఎమ్మారై, నరాలు కండరాలు చూసే ఈఎంజీ అన్నీ చేసి ఏఎల్ఎస్ అన్నారు. ఈ సంగతి నాకు, మా బావగారికి, డిగ్రీ చదివే మా అబ్బాయికి తప్ప ఎవరికీ తెలియదు. ఆయనకు నరాల బలహీనత అని చెప్పాం. ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్ల జబ్బు అని చెప్పాం. ఆర్‌ఎంపీ దగ్గర బలం ఇంజెక్షన్లు వేయిస్తున్నాం. బిడ్డకు సంబంధాలు చూస్తున్నాం, బయటపడితే చెడిపోతాయని బావగారి భయం. ‘రెండేళ్ల కంటే ఎక్కువ బతకడు, చెప్పి ఎందుకు చంపుతావు’ అంటాడు. మా అబ్బాయేమో ఇదే జబ్బుతో బతికిన సైంటిస్టు స్టీఫెన్ హాకింగ్ వీడియోలు చూపించి ‘నాన్నకు ఏం కాదు, యాభై ఏళ్లు ఉంటాడు’ అంటాడు. ఈ మధ్య ఆయన టీవీ చూస్తూ చూస్తూ ఊరికే ఏడుస్తున్నాడు. చెబితే తట్టుకోలేడేమో. నాకు రాత్రులు నిద్ర లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆయనకు చెప్పండి. ఈ నెలలోనే చెప్పండి. మీ బావగారి మనసులో ఉన్నది తమ్ముడి మీద ప్రేమే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఈ జబ్బు విషయంలో ఆలస్యం అయ్యేకొద్దీ ఆయన చేతిలోంచి జారిపోయేవి చాలా ఉన్నాయి.

ఏఎల్ఎస్‌లో మెదడు, వెన్నుపాము నుంచి కండరాలకు కదలమని చెప్పే నరాల కణాలు క్రమంగా చనిపోతాయి. ఆ మాట అందని కండరం కరిగిపోతుంది. మీ ఇంట్లో కాలితో మొదలైంది, చేతికి వచ్చింది. తర్వాత మింగడం, మాట, ఊపిరి. కంటిచూపు, వినికిడి, స్పర్శ మాత్రం సాధారణంగా అలాగే ఉంటాయి. కొందరిలో ఆలోచనలో, ప్రవర్తనలో మార్పులు వస్తాయి, అది కూడా డాక్టర్‌ను అడగాలి. చాలామందికి మాత్రం తన చుట్టూ ఏం జరుగుతోందో పూర్తిగా తెలుస్తూనే ఉంటుంది. మీరు పక్కగదిలోకి వెళ్లి ఫోన్ మాట్లాడటం, బావగారు వచ్చినప్పుడు మాట మార్చడం, కొడుకు కళ్లు తుడుచుకోవడం ఆయన చూస్తూనే ఉండి ఉంటాడు. తనకేదో పెద్దదే వచ్చిందని అనుమానం లేకుండా ఉండదు. అడిగితే మీరు ఏడుస్తారేమోనని ఆయన కూడా ఊరుకుంటున్నాడేమో. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకరికోసం ఒకరు దాచుకుంటూ ఎవరికి వారే భయపడుతున్నారు.

ఆ ఏడుపు సంగతి ముందు తేల్చుకుందాం, మీ భయం దాని చుట్టే తిరుగుతోంది కాబట్టి. ఈ జబ్బులో కొందరికి కారణం లేకుండా ఏడుపు, నవ్వు వచ్చేస్తాయి. ఆపుకుందామన్నా ఆగవు. భావాలను అదుపులో పెట్టే నరాల దారులు దెబ్బతినడం వల్ల వచ్చే లక్షణం అది. మనసు బలహీనమైందనడానికి గుర్తు కాదు. దానికి మందులున్నాయి, న్యూరాలజిస్టుకు తప్పకుండా చెప్పండి. నిజంగా దిగులుతో ఏడుస్తున్నాడా అన్నది కూడా ఆయనే చూసి తేలుస్తారు. అంతే తప్ప ఆ కన్నీళ్లను చూసి ‘తట్టుకోలేడు’ అని తీర్పు ఇచ్చేయకండి.

ఇక ఫ్లోరైడ్. మీరు ఆ మాట ఎందుకు ఎంచుకున్నారో నాకు అర్థమైంది. మన దగ్గర ఆ పేరు చెబితే ఎవరూ మళ్లీ ప్రశ్న అడగరు. వంకర తిరిగిన కాళ్లు, వంగిన నడుములు ప్రతి ఊరూ చూసింది. కానీ ఒకప్పుడు ఇది కూడా బయటి లోకానికి తెలియని బాధే. ఫ్లోరైడ్‌తో ఒళ్లు వంకరపోయిన మర్రిగూడ మండలం శివన్నగూడెం అంశాల స్వామిని 2003లో, నల్లగొండ నీళ్ల కోసం పోరాడిన జలసాధన సమితి వాళ్లు ఢిల్లీ తీసుకెళ్లి ప్రధాని వాజ్‌పేయికి చూపించారు. కాగితాలు, లెక్కలు ఎన్ని పెట్టినా కదలనివాళ్లు ఆ ఒక్క మనిషిని చూసి కదిలారు. స్వామి 2023 జనవరిలో పోయేదాకా నల్లగొండ నీళ్ల గోస అంటే ఆయన ముఖమే గుర్తొచ్చేది. తన ఒంటిని నలుగురికీ చూపించడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి.

ఇంకో మాట. ఫ్లోరైడ్ ముదిరి వెన్నెముక గట్టిపడితే లోపల వెన్నుపాము నొక్కుకుని కాళ్లు పడిపోవడం నిజంగానే ఉంది. అందుకే మన జిల్లా మనిషికి కాళ్లు పట్టు తప్పాయంటే మెడ ఎమ్మారై తీసి చూడటం అవసరం. మీ డాక్టర్లు అది చూశాకే ఏఎల్ఎస్ అన్నారు. కాబట్టి ఈ అబద్ధాన్ని నిలబెట్టడానికి ఆర్‌ఎంపీ దగ్గర వేయిస్తున్న ఇంజెక్షన్లు ఆపేయండి. వాటి వల్ల లాభం లేదు, డబ్బు పోతోంది. అంతకంటే ముఖ్యంగా, ఇంజెక్షన్ వేయించుకున్న ప్రతిసారీ ఆయన ‘వచ్చే నెల డ్యూటీ ఎక్కుతా’ అని ఆశపడి, ఎక్కలేక తనను తానే తిట్టుకుంటున్నాడేమో.

ఏఎల్ఎస్‌కు కూడా అమెరికాలో ఒక మనిషి ముఖమే పేరైంది. లూ గెహ్రిగ్ బేస్‌బాల్ ఆటగాడు. ఒక్క రోజు కూడా మానకుండా వరుసగా 2,130 మ్యాచ్‌లు ఆడినవాడు. 1939లో ఒంట్లో బలం పోయి తనంతట తానే జట్టులోంచి తప్పుకున్నాడు, తర్వాత జబ్బు బయటపడింది. ఆ జూలై 4న నిండిన స్టేడియంలో నిలబడి అందరికీ వీడ్కోలు చెప్పాడు. 1941లో, 37 ఏళ్లకే చనిపోయాడు. ఇప్పటికీ అక్కడ మామూలు జనం దీన్ని గెహ్రిగ్ జబ్బు అనే అంటారు. ఆయన భార్య ఎలినార్ కూడా మీరు చేసిన పనే చేసింది. జబ్బు ఎంత దూరం పోతుందో ఆయనకు పూర్తిగా తెలియనివ్వొద్దని డాక్టర్లను కోరింది. భర్తను కాపాడుకోవాలనుకునే ఏ భార్యకైనా ముందు అదే తోస్తుంది. అందుకే మిమ్మల్ని నేను తప్పు పట్టడం లేదు. కానీ అప్పుడు మందు లేదు, ఊపిరికి సాయం చేసే మెషిన్ ఇంట్లో పెట్టుకునే వీలు లేదు, రోగి ముందుగా ఆలోచించుకోవాల్సినవి తక్కువ. ఇప్పుడు అలా కాదు.

మీ అబ్బాయి, బావగారు చెప్పే లెక్కలు రెండూ పూర్తి నిజం కాదు. హాకింగ్‌కు 1963లో, 21 ఏళ్ల వయసులో జబ్బు బయటపడింది. రెండేళ్లన్నారు. 2018లో 76 ఏళ్లకు పోయాడు. అలా నిదానంగా నడిచే కేసు చాలా అరుదు. ఎక్కువమంది జబ్బు మొదలయ్యాక రెండు నుంచి ఐదేళ్లు ఉంటారు. పదిమందిలో ఒకరు పదేళ్లు దాటుతారు. మీ ఆయనది ఏ దారో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు, కొన్ని నెలలు వరుసగా చూస్తే డాక్టర్‌కు కొంత అంచనా వస్తుంది. హాకింగ్ బతికిన ఏళ్లు మాత్రమే చూస్తే పిల్లవాడు రేపు పెద్ద దెబ్బ తింటాడు. 1985లో హాకింగ్‌కు గొంతు ఆపరేషన్ చేస్తే మాట మొత్తం పోయింది. ఆ తర్వాత రాత్రీపగలూ నర్సులు, మాట్లాడే కంప్యూటర్, యూనివర్సిటీ అండ ఉన్నాయి. ఆ సదుపాయాలు మన ఇళ్లలో లేవన్నది నిజం. అయినా ఆయన వల్ల జరిగిన ఒక మేలు మీకు పనికొస్తుంది. 2001లో ఆయన మన దేశానికి వచ్చినప్పుడు ఢిల్లీలో కుతుబ్ మినార్ లాంటి చోట్ల చక్రాల కుర్చీ కోసం ర్యాంపులు వేశారు. అక్కడ కుర్చీ ఎక్కదని అంతకుముందు తెలియక కాదు. ఫలానా మనిషి ఈ కుర్చీలో వస్తున్నాడని చెప్పాకే వేశారు. రేపు మీ గడప దగ్గర, ఆస్పత్రి మెట్ల దగ్గర, డిపో ఆఫీసులో మీరు సాయం అడగాలంటే జబ్బు పేరు పైకి చెప్పక తప్పదు.

2014లో ఈ జబ్బుకు విరాళాల కోసం నెత్తిన ఐసు నీళ్లు పోసుకునే వీడియోలు మీ అబ్బాయి చూసే ఉంటాడు. దాన్ని లోకమంతా పాకించిన పాట్ క్విన్, పీట్ ఫ్రేట్స్ ఇద్దరూ ఈ జబ్బు ఉన్న కుర్రవాళ్లే. అమెరికాలోని ఏఎల్ఎస్ సంఘం ఒక్కదానికే 11 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి, ఆ డబ్బు పరిశోధనలకూ ఉపయోగపడింది. ఫ్రేట్స్ 34 ఏళ్లకు, క్విన్ 37 ఏళ్లకు పోయారు. అదే ఆగస్టులో హైదరాబాద్ జర్నలిస్టు మంజులత కళానిధి, నీళ్లు పారబోసే బదులు బకెట్ బియ్యం పేదలకు ఇద్దామని రైస్ బకెట్ మొదలుపెట్టారు. నీళ్ల విలువ తెలిసిన మన ప్రాంతానికి అది తగిన ఆలోచన, ఎంతోమంది కడుపు నింపింది. నా బాధ ఒక్కటే. దాంతో మన దగ్గర జబ్బు పేరు మాత్రం జనంలోకి రాలేదు. అందుకే ఇప్పుడు మీ ఇంట్లో దానికి వేరే పేరు వెతుక్కోవాల్సి వచ్చింది.

ఎలా చెప్పాలంటారా? ఒక్కరే చెప్పకండి. ఈసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు డాక్టర్‌తో ముందే మాట్లాడి ఆయన్ను లోపలే కూర్చోబెట్టండి. నిమ్స్ లాంటి చోట న్యూరాలజీ వాళ్లకు ఇలాంటి మాటలు నెమ్మదిగా చెప్పడం అలవాటే. వెళ్లే ముందు రోజు మీరు ఇంట్లో ఇంతే అడగండి: ‘డాక్టర్ నాకు చెప్పినదాంట్ల కొంత నీకు చెప్పలే. ఇనాలనుందా?’ ఎంత వినాలో ఆయన ఇష్టం. కొందరు పేరు వరకే అడుగుతారు. హాకింగ్ కూడా మొదట్లో వివరాలు అడగలేదట, మంచివి కావని తెలుస్తూనే ఉందని. ఆయన వద్దంటే ఆగండి, మళ్లీ అడిగినప్పుడు చెప్పండి. సంవత్సరాల లెక్క మాత్రం మీ అంతట మీరు తీయకండి.

తెలిశాక ఆయనే తేల్చాల్సినవి ఉన్నాయి. రిలుజోల్ మాత్ర జబ్బును నయం చేయదు, కొన్ని నెలల కాలం పెంచుతుంది, వాడాలా వద్దా. మింగడం కష్టమైనప్పుడు కడుపుకు ట్యూబు పెట్టించుకుంటాడా. ఊపిరి బాగా తగ్గకముందే అది పెట్టడం మంచిది. ఊపిరికి సాయంగా రాత్రిపూట ముక్కుకు పెట్టే బైప్యాప్ మెషిన్ చాలామందికి నిద్రనూ ఆయుష్షునూ కొంత పెంచుతుంది. గొంతుకు రంధ్రం, వెంటిలేటర్ దాకా వెళ్లాలా అన్నది అన్నింటికన్నా పెద్ద ప్రశ్న. దానికి జవాబు ఆయన నోటి నుంచే రావాలి. అత్యవసర గదిలో అర్ధరాత్రి మీరూ బావగారూ కొట్లాడుకుని తేల్చుకోవాల్సిన విషయం కాదు అది. సంతకం పెట్టే చెయ్యి ఇంకా ఆడుతుండగానే బ్యాంకు, పీఎఫ్ కాగితాలు, నామినీ పేర్లు కూడా ఒకసారి చూసుకోండి.

ఉద్యోగం గురించి కంగారు పడి ఏ రాజీనామా మీదా సంతకం పెట్టనివ్వకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వ సంస్థ ఉద్యోగిని తీసేయడానికి లేదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పని చూపాలి. తగిన పోస్టు లేకపోతే దొరికేదాకా, లేదా రిటైర్మెంట్ వరకు అదనపు పోస్టులో ఉంచాలి. డిపోలో యూనియన్ వాళ్లతో మాట్లాడండి. ఇది కూడా జబ్బు పేరు బయటికి చెబితేనే జరిగే పని.

బిడ్డ పెళ్లి సంగతి. ఈ జబ్బు పదింట తొమ్మిది కేసుల్లో వంశంలో ఎవరికీ లేకుండానే వస్తుంది. ఆయన వైపు ఎవరికైనా ఇలా కాళ్లుచేతులు పడిపోవడం, చిన్న వయసులోనే మతి తప్పడం ఉందా అని బావగారినే అడిగి డాక్టర్‌కు చెప్పండి. ఏమీ లేకపోతే పిల్లలకు వచ్చే అవకాశం చాలా తక్కువని డాక్టరే చెబుతారు. ఆ మాట ధైర్యంగా పెళ్లివారికి ముందే చెప్పండి. దాచి చేస్తే, ఏడాదిలోపే కుర్చీలో ఉన్న వియ్యంకుణ్ని చూసి వాళ్లు మీ బిడ్డను ఎన్ని మాటలంటారో. అన్నిటికంటే ముందు బిడ్డకు చెప్పాలి. తమ్ముడికి తెలిసి తనకు తెలియని విషయం ఆ పిల్లను జీవితాంతం బాధిస్తుంది. పెళ్లి ఎప్పుడు, ఎవరితో అన్నదాంట్లో తండ్రి మాట కూడా ఉండాలి కదా.

మీ అబ్బాయి ఫోన్‌లోంచి ఆ వీడియోలు తీసేయకండి. ఆ వయసులో తండ్రి గురించి అంత భారం ఒంటరిగా మోస్తూ, ఎక్కడో ఒక చోట పట్టు వెతుక్కున్నాడు. వాడికి ఒక పని అప్పగించండి. నాన్న గొంతు ఇప్పుడు బాగుంది. రోజూ వాడే మాటలు, పిల్లల పేర్లు, డిపో కబుర్లు, ఆయన పాడే పాటలు ఏవైనా ఫోన్‌లో రికార్డు చేయమనండి. తెలుగు అక్షరాల చార్టు ఒకటి తయారు చేయమనండి. కళ్ల కదలిక ఎక్కువ కాలం నిలుస్తుంది కాబట్టి తర్వాత చూపుతో అక్షరాలు ఎంచుకుని మాట్లాడవచ్చు. ఇవన్నీ తండ్రికి తెలిశాకే మొదలుపెట్టగలిగే పనులు.

మీ నిద్ర సంగతి చివర రాశారు గానీ అది చిన్న విషయం కాదు. జిల్లా ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్, అంటే రోగి బాధ తగ్గించి ఇంటివాళ్లకూ అండగా ఉండే వైద్యం గురించి అడగండి. చివరి రోజులకే అనుకుంటారు జనం, నిజానికి ఇప్పటి నుంచే వాళ్ల సాయం తీసుకోవచ్చు. వారంలో రెండు రాత్రులైనా బావగారిని మీ ఇంట్లో పడుకోమనండి. తమ్ముడి కోసం ఏదైనా చేయాలన్న ఆయన తపనకు అది మంచి దారి.