ముందు పారలు కొనకండి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో మీరు కొందరు కలిసి ఆదివారాలు పబ్లిక్ గార్డెన్స్ పని చూసుకుందామనుకుంటున్నారనీ, మొదట మొక్కలు నాటుతారనీ రాశావు. చాలా సంతోషం. కానీ మొక్కలు నాటడం చివరికి పెట్టుకోండి. పారలు, గునపాలు ఇప్పుడే కొనకండి.

అది 1846లో వేసిన తోట. బాగ్-ఎ-ఆమ్ అన్న పేరు పెద్దవాళ్ల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. 1913లో టౌన్ హాలుగా పూర్తయిన శాసనసభ భవనం, జూబిలీ హాలు, మ్యూజియం, షాహీ మసీదు అన్నీ ఆ ఆవరణలోనివే. కట్టడాలకూ దారులకూ కార్లు నిలపడానికీ పోగా మిగిలిన నేల మీద పెద్ద చెట్లు బతుకుతున్నాయి. వాటి కింద మొక్క నాటితే ఎండ చాలక ఈసురోమంటుంది. అది పోతే పోయింది, గుంత తవ్వేటప్పుడు తెగేవి పెద్ద చెట్టు వేళ్లు. నీరు తాగే సన్న వేళ్లు ఎక్కువగా పై అడుగున్నర మట్టిలోనే ఉంటాయి, కొమ్మల నీడ దాటి కూడా పాకుతాయి. ఫొటో కోసం తీసిన గుంత నూరేళ్ల చెట్టుకు గాయం చేస్తుంది.

అందుకే మొదటి నెలంతా ఒక నోటు పుస్తకం పట్టుకుని చెట్టు చెట్టూ చూడండి. మొదలు చుట్టూ సిమెంటు పోశారా? మేకులు కొట్టారా? కాండం అడుగున బల్లల్లా పుట్టగొడుగులు వచ్చాయా? వస్తే లోపల కుళ్లు పట్టిందని అనుమానించాలి, దాని కింద ఎవరూ కూర్చోకుండా చూసి వెంటనే ఉద్యానవన శాఖకు చెప్పాలి. బోర్డులు కట్టిన తీగలు మరీ ముఖ్యం. ఆకు తయారుచేసిన ఆహారం బెరడు లోపలి పొరలోంచే వేళ్లకు దిగుతుంది. తీగ చుట్టూ బిగిస్తే ఆ దారి మూసుకుపోతుంది. వదులుగా ఉన్న తీగను కత్తిరించి తీసేయండి. బెరడు అప్పటికే మింగేసి ఉంటే లాగకండి, బయటికి కనిపించే కొసలు మాత్రం కత్తిరించండి. సిమెంటు సంగతికి అర్జీ పెట్టండి. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర సిమెంటు తీసేయమని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లో ఆదేశించింది, ఆ మాట అర్జీలో రాయండి.

తోట ఉద్యానవన శాఖది, మీది కాదు. ఈ సంగతి మరిచిన బృందాలు ఎన్ని వచ్చి ఎన్ని పోయాయో! అర్జీ తెలుగులో, రెండు ప్రతులు, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకో. ఎండిన చెట్టయినా సరే, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ప్రకారం అనుమతి లేకుండా కొట్టకూడదు. కొమ్మల జోలికీ మీరు పోవద్దు. ఇక మాలీలు. ఏ కుళాయి పనిచేస్తుందో, ఏ మూల నీళ్లు నిలుస్తాయో వాళ్లకే తెలుసు. వాళ్లకు పనులు పురమాయించకండి, ‘ఏం చేయమంటారు?’ అని అడగండి. మీరు టీషర్టుల మీద పేరు అచ్చువేయించుకుంటే వాళ్లకూ తలా ఒకటి ఇవ్వండి. అసలు వేయించుకోకపోతే ఇంకా మంచిది.

రాలిన ఆకులు తగలబెడుతుంటే చూసి ఊరుకోవద్దు. ఘన వ్యర్థాల నిబంధనలు దాన్ని నిషేధించాయి. అలాగని కేకలేస్తే ఏం లాభం? ఊడ్చిన ఆకులు ఎక్కడ వేయాలో ఊడ్చే మనిషికి చూపించాలి. శాఖ వాళ్లను అడిగి ఒక మూల ఇనుప జాలీతో గూడు కట్టి, ఆకులు వేసి తడుపుతూ, పేడనీళ్లు చల్లుతూ, అప్పుడప్పుడు తిరగేస్తుంటే కొన్ని నెలల్లో ఎరువవుతుంది. కొన్ని ఆకులు చెట్ల కిందే రెండు మూడు అంగుళాల మందాన పరచండి, కాండానికి జానెడు దూరం వదిలి.

వానలు పడగానే వయ్యారిభామ కలుపు లేస్తుంది. తెల్ల పూత రాకముందే వేళ్లతో సహా పీకాలి. ఒక్క మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది. చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వకు. దురదలు, దద్దుర్లు వస్తాయి. ఆయాసం ఉన్నవాళ్లకు వేరే పని ఇవ్వు. పూత పట్టినవి ఎరువు గూట్లో వేయకండి.

గోడల మీద ప్రేమ కొద్దీ చేయి వేయకండి. పాత కట్టడాలది సున్నపు గార. ఇనుప బ్రష్షుతో రుద్దితే పొర ఊడుతుంది, సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాక ఉబ్బుతుంది. పగుల్లో రావి మొలక కనిపిస్తే లాగాలనిపిస్తుంది. లాగితే గార పెళ్లతో సహా వస్తుంది, వేరు లోపలే ఉండి మళ్లీ చిగురిస్తుంది. ఫొటో తీసి శాఖకు పంపండి. పావురాలకు గింజలు చల్లేవాళ్లతో మాత్రం తగాదా వద్దు. రెట్టలు గారను తినేస్తాయన్నది నిజమే, కానీ వాళ్లకది పుణ్యకార్యం. వాళ్లలోని పెద్దవాళ్లతో నెమ్మదిగా మాట్లాడి, కట్టడాలకు దూరంగా చల్లుకునేలా ఒప్పించండి.

ఏప్రిల్ వచ్చేసరికి మీలో సగం మంది రారు. కోపం తెచ్చుకోకు. నలుగురితో జరిగే పనులే పెట్టుకో.

అంతా అయ్యాక కూడా నాటాలన్న కోరిక ఉంటే, పోయిన చెట్టు తీసేసిన ఖాళీలో, శాఖ వాళ్లను అడిగి, జూన్‌లో వానలు పట్టాక ఒక్కటంటే ఒక్కటి నాటండి. రాబోయే రెండు వేసవులూ దానికి నీళ్లు పోసేదెవరో పేర్లు రాసుకున్నాకే గుంత తీయండి.

ఇట్లు,
నీ పెద్దమ్మ