దోపిడీ అయిపోయాక ఏం జరిగింది?

తమ్ముడూ,

నీ దోపిడీ కథ చదివాను. ప్లాన్ బాగా కుదిరింది. గార్డు డ్యూటీ మారే టైము, సీసీ కెమెరాలు, లాకర్ రూము తాళం అన్నీ కళ్లకు కట్టావు. టెన్షన్ కూడా పెరిగింది. అయితే దొంగలు బ్యాగుతో వ్యాన్ ఎక్కగానే నీకు తొందర పుట్టింది. ఒకడు పట్టుబడ్డాడు, ఒకడు చచ్చిపోయాడు, అయిపోయింది. వాడు ఎందుకు దొరికాడయ్యా అంటే పోలీసులు తెలివైనవాళ్లు కాబట్టి! ఇది నాకు చాలలేదు.

1950లో జాన్ హ్యూస్టన్ తీసిన ‘ది ఆస్ఫాల్ట్ జంగిల్’ చూడు. డబ్ల్యూ. ఆర్. బర్నెట్ నవలే దానికి ఆధారం. అందులో నగల దుకాణం దోపిడీ పది పన్నెండు నిమిషాలకు మించదు. గోడకు కన్నం వేస్తారు, నైట్రోగ్లిజరిన్‌తో ఖజానా పేలుస్తారు, నగలు సంచిలో వేసుకుంటారు. సినిమాలో ఇంకా బోలెడంత మిగిలే ఉంటుంది. దర్శకుడి మనసంతా ఆ మిగిలిన దాని మీదే.

ముఖ్యంగా డాక్ అనే ముసలాయన్ని గమనించు. అప్పుడే జైలు నుంచి వచ్చాడు. నెమ్మదస్తుడు, మర్యాదస్తుడు, ప్లాన్ మొత్తం ఆయనదే. మొదట్లోనే ఒకచోట అమ్మాయిల బొమ్మలున్న క్యాలెండర్ తిరగేస్తాడు. మనం పెద్దగా పట్టించుకోం. చివర్లో ఊరు దాటి పారిపోతూ దారిలో ఒక కేఫ్ దగ్గర ఆగుతాడు. ఒక అమ్మాయి జ్యూక్‌బాక్స్ (నాణెం వేస్తే రికార్డు మోగించే పెట్టె) పాటకు డాన్స్ చేస్తుంటే చూస్తూ ఉండిపోతాడు. బయటికి వచ్చేసరికి పోలీసులు. ఎంతసేపటి నుంచి ఉన్నారని అడుగుతాడు. రెండు మూడు నిమిషాలంటారు. ఒక రికార్డు మోగేంతసేపు అన్నమాట అంటాడు ఆయన. కోపం లేదు, ఏడుపు లేదు. ఆ మాట రాయగలిగితే నాకు ఇంకేం అక్కర్లేదు అనిపిస్తుంది. ఆయన్ని పట్టించింది పోలీసుల తెలివి కాదు, క్యాలెండర్ దగ్గరే మనకు చూపించిన బలహీనత.

లాయర్ ఎమ్మరిక్ కూడా అంతే. పైకి పెద్దమనిషి, లోపల దివాలా. నగలు కొంటానని మాటిచ్చి కాజేయాలని చూస్తాడు. ముఠాలోని డిక్స్‌కి మాత్రం అమెరికాలోని కెంటకీలో తన కుటుంబం పోగొట్టుకున్న గుర్రాల ఫారం మళ్లీ కొనాలని పిచ్చి కోరిక. అందుకే తుపాకీ గాయంతో రక్తం కారుతున్నా కారు అటే నడుపుతాడు. వీళ్లంతా దోపిడీకి ముందే సగం ఓడిపోయిన మనుషులు.

కథలో యాదృచ్ఛికం ఉండకూడదని ఎవరైనా చెబితే నమ్మకు. ఈ సినిమాలో కాపలావాడి తుపాకీ కిందపడి దానంతటదే పేలుతుంది, ఖజానా తెరిచిన లూయీకి తగులుతుంది. పాత్రల నెత్తిన పడే దురదృష్టాన్ని పాఠకుడు ఒప్పుకుంటాడు. వాళ్లను గట్టెక్కించే అదృష్టాన్నే ఒప్పుకోడు. నీ కథలో వ్యాన్ తాళం సరిగ్గా అవసరమైనప్పుడే దొరికింది చూడు, అది తీసెయ్.

ఇంకొకటి. మిక్లోస్ రోజా సంగీతం ఇందులో మొదట్లోనూ చివర్లోనూ తప్ప వినిపించదు. దోపిడీ సీనులో పనిముట్ల చప్పుళ్లే. నీ ‘ఊపిరి బిగపట్టి’లు, ‘గుండె దడదడలాడింది’లు కొట్టేసి చదువు, భయం ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు ప్లాన్ భాగాన్ని సగానికి కుదించు. నీ కథలోని ఆ నలుగురు దొంగల్లో ఒక్కొక్కరికీ ఆ డబ్బు దేనికో విడిగా ఒక పేజీ రాసుకో. అది కథలోకి రాకపోయినా ఫర్వాలేదు. తర్వాత వ్యాన్ ఎక్కిన దగ్గర్నుంచి కొత్తగా మొదలుపెట్టు. ముఖ్యంగా ఆ డ్రైవర్ కుర్రాడి సంగతి తేల్చు. పెళ్లాం ఫోన్ చేస్తే ఎత్తకుండా పక్కన పెట్టాడు కదా, ఆ తర్వాత వాణ్ణి పూర్తిగా వదిలేశావు. నాకైతే కథ వాడిదే అనిపించింది. రాశాక పంపు.

ప్రేమతో,
అన్నయ్య