పెద్ద క్యామ్ వేశాక బ్రేకు గట్టిపడితే...

ప్రశ్న: పాత వీ-8 పెట్రోల్ ఇంజిన్‌కి పెద్ద క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచి మూసే షాఫ్ట్) వేయించాను. గేరు బాక్సు ఆటోమేటిక్. పికప్ బాగుంది కానీ ఇంజిన్ స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా) తిరుగుతున్నప్పుడు బ్రేక్ పెడల్ గట్టిపడుతోంది. వెంటనే రెండోసారి తొక్కితే ఇంకా గట్టి. వ్యాక్యూమ్ ట్యాంకు పెడితే సరిపోతుందా?

జవాబు: బ్రేకు తొక్కుడు తేలిక చేసే బూస్టర్ ఇంజిన్ పీల్చే వ్యాక్యూమ్‌తోనే పనిచేస్తుంది. ట్యాంకు ఆ వ్యాక్యూమ్‌ని దాస్తుందే తప్ప పుట్టించదు. యాక్సిలరేటర్ వదిలి బండి దొర్లుతున్నప్పుడు నిండుతుంది, ఒకటి రెండు తొక్కులకు ఆదుకుంటుంది. స్లోలోనే వ్యాక్యూమ్ చాలని ఇంజిన్‌కి ట్రాఫిక్‌లో అంతకుమించి పనికిరాదు.

ముందు ఇంటేక్ మానిఫోల్డ్‌కి (సిలిండర్లకు గాలి వెళ్లే గొట్టాల భాగం) వ్యాక్యూమ్ గేజ్ తగిలించండి. చక్రాలకు అడ్డం పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, గేరు డ్రైవ్‌లో వేసి చూడండి. న్యూట్రల్‌లో కనిపించే అంకె మోసం చేస్తుంది. మామూలు ఇంజిన్ స్లోలో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం కొలత) వ్యాక్యూమ్ చూపిస్తుంది. పెద్ద క్యామ్‌తో ఇంటేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కలిసి తెరుచుకుని ఉండే సమయం పెరిగి, కాలిన గ్యాసు మానిఫోల్డ్‌లోకి వెనక్కి తంతుంది. అప్పుడది 10 దగ్గరికి పడిపోవచ్చు. దాని ఫలితం బూస్టర్ మీద ఎంతంటే: 10 అంగుళాల వ్యాసం ఉన్న డయాఫ్రమ్ (బూస్టర్‌లోని రబ్బరు పొర) మీద వ్యాక్యూమ్ 18 ఉంటే లెక్క ప్రకారం 315 కిలోల తోపుడు వస్తుంది, 10 ఉంటే 175 కిలోలే.

కొనే ముందు ఖర్చులేని పనులు చేయండి. గ్యాస్కెట్ల దగ్గర గాలి లీకు చూడండి. స్లోలో టైమింగ్ (స్పార్క్ ఎంత ముందు పడుతుందో ఆ కొలత) 14-16 డిగ్రీలకు పెంచి, మొత్తం అడ్వాన్స్ హద్దు దాటకుండా డిస్ట్రిబ్యూటర్‌లో మెకానికల్ అడ్వాన్స్ (వేగంతో పాటు స్పార్క్‌ని ముందుకు జరిపేది) ఆ మేరకు తగ్గించండి. ఇది మరిచిపోతే లోడ్ మీద నాకింగ్ (ఇంజిన్ టకటక కొట్టుకోవడం) ఖాయం. తర్వాత మిక్స్చర్ స్క్రూలు (పెట్రోలు-గాలి పాళ్లు సర్దేవి) గేజ్ ముల్లు చూస్తూ సర్దండి. ఒకటి రెండు అంగుళాలు ఇక్కడే దొరకవచ్చు.

బూస్టర్ పైపు ఒక్క సిలిండర్ దారి నుంచి కాకుండా అన్నిటికీ ఉమ్మడిగా ఉండే చోటు నుంచి తీయాలి. పెట్రోల్ పైపు వాడకండి, వేడెక్కితే లోపలికి పీల్చుకుపోయి మూసుకుంటుంది.

ఇంత చేసినా 15 దాటకపోతే 12 వోల్టుల ఎలక్ట్రిక్ వ్యాక్యూమ్ పంపే దారి. బూస్టర్‌కి వెళ్లే పైపులో టీ (మూడు దారుల జాయింటు) వేసి, ఇంజిన్ వైపు ఒకటి, పంపు వైపు ఒకటి చెక్ వాల్వ్ (గాలిని ఒక్క దిక్కుకే వదిలేది) పెట్టాలి. ఇంజిన్ వైపుది లేకపోతే పంపు పాపం మానిఫోల్డ్ మొత్తాన్ని పీలుస్తూ కూర్చుంటుంది. కరెంటు రిలే ద్వారా, పంపు తయారీదారు చెప్పిన ఫ్యూజుతో ఇవ్వండి. ఆన్-ఆఫ్‌కి వ్యాక్యూమ్ స్విచ్ తప్పనిసరి. ట్యాంకు కొనాలనే ఉంటే ఈ పంపుకి జోడీగా పెట్టండి. అక్కడ దానికి నిజంగా పని ఉంటుంది.

ప్రశ్న: పంపు పెట్టాను. బ్రేకు తొక్కకపోయినా అరనిమిషానికోసారి తిరుగుతోంది. పంపు మార్చాలా?

జవాబు: లీకు ఉంది. బూస్టర్ పైపు విప్పి, చేతి వ్యాక్యూమ్ పంపుతో బూస్టర్‌కి నేరుగా 18 అంగుళాలు పట్టించండి. ముల్లు దిగుతుంటే డయాఫ్రమ్ గానీ, మాస్టర్ సిలిండర్ (బ్రేక్ ఆయిల్‌ని తోసేది) కూర్చునే చోటి సీల్ గానీ పోయింది. నిలబడితే చెక్ వాల్వులు, క్లిప్పులు చూడండి. మాస్టర్ సిలిండర్ వెనక బ్రేక్ ఆయిల్ తడి కనిపిస్తే దాన్ని కూడా మార్చాలి. ఆ ఆయిల్ బూస్టర్‌లోకి దిగి డయాఫ్రమ్‌ని పాడుచేస్తుంది.