ఒకేలా వినిపించే మాటలు, పేర్లు: అసలు చిక్కెక్కడ?

ప్రశ్న: తెలుగులో ఒకేలా వినిపించే మాటలు ఇన్ని ఉన్నాయి కదా, అర్థాలు కలగాపులగం కాకుండా ఎలా చూసుకోవాలి? పేరు పెట్టేటప్పుడు ఏం గమనించాలి?

చాలాకాలంగా ప్రూఫులు దిద్దుతున్నాను. ఈ రకం మాటలతో రోజూ కుస్తీయే. నాకు అర్థమైనంతలో, అచ్చంగా ఒకేలా ఉన్న మాటలు ఎవరినీ ఇబ్బంది పెట్టవు. ఒక్క వత్తో ఒక్క దీర్ఘమో తేడా ఉన్నవే కొంప ముంచుతాయి.

'పన్ను' సంగతే చూడండి. పీకించుకునేదీ అదే, కట్టేదీ అదే. అయినా ఎవరూ తికమకపడరు (పళ్ళు కట్టించుకున్నవాళ్ళను కాసేపు పక్కన పెడదాం). నూరు, ఆరు, అడుగు, పాడు... ఇవన్నీ అంతే. పక్కనున్న మాటే అర్థాన్ని తేల్చేస్తుంది. పైగా వీటిలో కొన్ని ఒకప్పుడు రాతలో వేరుగానే ఉండేవి. నదికి బండి ఱ పెట్టి 'ఏఱు' అనీ, గింజలు ఏరడానికి మామూలు ర పెట్టి 'ఏరు' అనీ రాసేవారు. బండి ఱ వాడుకలోంచి జారిపోయాక రెండూ కలిసిపోయాయి. దానివల్ల ఎవరికీ నష్టం జరిగినట్టు నాకు కనపడదు.

అసలు గొడవ సంస్కృతం నుంచి వచ్చిన మాటలతో. అచ్చతెలుగు మాటల్లో వత్తక్షరాలు (ఖ, థ, ధ, భ లాంటివి) దాదాపు ఉండవు, అందుకే మన నోటికి అవి పూర్తిగా అలవాటు కాలేదు. మాట్లాడేటప్పుడు 'అర్థం' (భావం), 'అర్ధం' (సగం) రెండిటినీ చాలామంది ఒకేలా పలుకుతారు. రాసేటప్పుడు చెయ్యి నోటినే నమ్ముతుంది, దాంతో థ లోపలి చుక్క ఎగిరిపోతుంది. నా చిట్కా ఏమిటంటే, మాటను ఒంటరిగా గుర్తుపెట్టుకోను, దాని చుట్టాలతో కలిపి గుర్తుపెట్టుకుంటాను. సమర్థుడు, ప్రార్థన, అర్థశాస్త్రం ఒక కుటుంబం. అర్ధరాత్రి, అర్ధచంద్రుడు, అర్ధనారీశ్వరుడు ఇంకో కుటుంబం. ప్రథమ, ప్రధాన కూడా ఇలాగే వేరు వేరు ఇళ్ళవి. 'ప్రధమ' అని రాసేవాళ్ళకు బహుశా 'ప్రధాన' అడ్డొస్తుంటుంది. అయితే మరీ పట్టుబట్టడానికీ లేదు. మనం రోజూ రాసే 'వీధి' సంస్కృతంలో 'వీథి'. అది ఎప్పుడో మన దారికి వచ్చేసింది, ఇప్పుడు దిద్దబోతే నవ్వుతారు.

ప్రూఫుల్లో నన్ను బాగా నవ్వించింది ప్రాసాదం. ప్రాసాదమంటే రాజభవనం. ఎవరో దీర్ఘాన్ని అచ్చుతప్పు అనుకుని తీసేశారు. రాజుగారు 'ప్రసాదంలో' నిద్రపోయారు! శకలం, సకలం జంట ఇంకా ప్రమాదం. శకలమంటే ముక్క, సకలమంటే మొత్తం. శ, స తారుమారైతే అర్థం నేరుగా తలకిందులే. ధార ప్రవాహం, దార భార్య. ఈ రెండో మాట ఇప్పుడు 'దారాపుత్రులు' లాంటి సమాసాల్లోనే మిగిలింది.

ఒక్కోసారి తెలుగే మనకు మేలు చేసింది. సంస్కృతంలో 'కలా' అని ల తోనే ఉన్న మాటను మనం 'కళ' చేసుకున్నాం. లేకపోతే నిద్రలో వచ్చే 'కల'కూ దానికీ గొడవయ్యేది. వాయిస్ టైపింగ్‌కు మాత్రం ఈ తేడా ఇంకా ఎక్కలేదు. నేను కళలంటే నా ఫోను కలలు కంటుంది.

ఇక పేర్లు. మాటను కాపాడటానికి వాక్యం ఉంటుంది, పేరుకు అది లేదు. అనిలుడు గాలి, అనలుడు నిప్పు. మిహిర అంటే సూర్యుడు, మిహిక అంటే మంచు. తనూజ అంటే కూతురు. అదే 'దనుజ' అయితే రాక్షసజాతి! ప్రణవం ఓంకారం, ప్రణయం ప్రేమ. ణ, ళ పలికేటప్పుడు నాలుక ఇంచుమించు ఒకే చోట తగులుతుంది కాబట్టి ఫోనులో ప్రణయ్ కాస్తా ప్రళయ్ అయ్యే వీలుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే రామ, రమ ఒక్కటే అయిపోతారు.

శ్రుతి, స్మృతి అక్కచెల్లెళ్ళకు పెట్టే పేర్లు. ప్రాస కుదిరిందని 'శృతి' అని రాస్తుంటారు. వినడమనే అర్థమున్న ధాతువు 'శ్రు', కాబట్టి శ్రుతి. తలచుకోవడానికి 'స్మృ', కాబట్టి స్మృతి.

సుధ అంటే అమృతమని అందరికీ తెలుసు. గోడకు పూసే సున్నం కూడా సుధే. సౌధం అనే మాట దాన్నుంచే వచ్చింది. ఇలాంటి రెండో అర్థం చూసి పేరు మానుకోవాలంటే ముందు హరినే మానుకోవాలి. అమరకోశమనే పాత సంస్కృత నిఘంటువు ప్రకారం హరి అంటే యముడు, గాలి, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, కిరణం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప. కప్పా హరే, దాన్ని మింగే పామూ హరే. కాబట్టి నానార్థాలకు భయపడొద్దు, అక్షరానికి భయపడండి.

పేరు ఖాయం చేసేముందు తెలుగులో రాసి చూడండి. ఫోనులో ఒకరికి చెప్పి, వాళ్ళు ఏం రాసుకున్నారో అడగండి. తర్వాత శబ్దరత్నాకరమో, సి.పి. బ్రౌన్ కూర్చిన బ్రౌణ్య నిఘంటువో తిరగేయండి. ఆంధ్రభారతి సైటులో చాలా నిఘంటువులు ఒకేచోట వెతకొచ్చు. అక్కడ దొరకని పేరంటే తప్పని కాదు, కానీ ఆ పేరు చెప్పినవాళ్ళను దాని 'అర్థం' ఎక్కడిదని ఒకమాట అడగండి.