టెక్ సందేహాలు: చలానా పేరుతో ఏపీకే వచ్చింది, డబ్బు పోయింది... ముందు ఎవరికి చెప్పాలి?

ప్రశ్న: నా బండి నంబరు వేసి 'ట్రాఫిక్ ఉల్లంఘన, జరిమానా రూ.1,000' అని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. కింద 'ఆర్టీఓ ఈ-చలాన్' పేరుతో ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్‌ను నేరుగా ఫోన్‌లో ఎక్కించే ఫైల్) ఉంది. ఇన్‌స్టాల్ చేస్తే ఏమీ తెరుచుకోలేదు. రాత్రికి ఖాతాలోంచి 48 వేలు పోయాయి. పొద్దున ఆర్టీఏ (రవాణా శాఖ) ఆఫీసుకు పోతే తమకు సంబంధం లేదన్నారు. భయమై షాపులో ఫోన్ ఫార్మాట్ చేయించాను. ఇప్పుడు ఫిర్యాదు ఎట్లా చేయాలి? (హన్మకొండ)

జవాబు: ఇదే గోడు నర్సంపేట నుంచి, పరకాల నుంచి, జగిత్యాల నుంచి వస్తూనే ఉంది. అందరూ మొదట చేసే పని కూడా ఒకటే. చలానా అన్నారు కాబట్టి ఆర్టీఏకు పరుగెత్తుతున్నారు. మన దగ్గర ట్రాఫిక్ ఈ-చలానాలు వేసేది పోలీసులు. ఆర్టీఏ చూసేది రిజిస్ట్రేషన్లు, లైసెన్సులు, ఫిట్‌నెస్, పన్నులు. ఖాతా దాటిన డబ్బును ఆపే దారి ఆర్టీఏ చేతిలో లేదు. అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరులో ఉంది.

ఆ నంబరుకు చేసిన ఫిర్యాదు మీ బ్యాంకుతో పాటు డబ్బు చేరిన బ్యాంకుకు కూడా వెళ్తుంది. అక్కడ ఎంత మిగిలి ఉంటే అంత హోల్డ్‌లో పెడతారు. మోసగాళ్లు డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు ముక్కలు చేసి తిప్పి, చివరికి ఏటీఎంలో తీసేస్తారు. అందుకే మొదటి గంటకు అంత విలువ. తెల్లారాక ఆర్టీఏ గేటు తీసేదాకా ఆగితే ఆపడానికి పెద్దగా ఏమీ మిగలదు. అయినా ఆలస్యమైందని వదిలేయకండి, ఇప్పుడే చేయండి. మధ్యలో ఏదో ఒక ఖాతాలో కొంత ఆగి ఉండవచ్చు.

ఫోన్ చేసే ముందు కాగితం మీద ఇవి రాసుకోండి: బ్యాంకు పేరు, ఖాతా నంబరు, డబ్బు పోయిన తేదీ, సమయం, ఒక్కో లావాదేవీ మొత్తం, దాని నంబరు. యూపీఐ లావాదేవీకి ఈ నంబరు 12 అంకెలు ఉంటుంది. నెఫ్ట్‌కైతే 16 అక్షరాలు, ఆర్టీజీఎస్‌కైతే 22. మూడు సార్లు పోతే మూడు నంబర్లూ చెప్పాలి. '48 వేలు పోయాయి' అని మొత్తం ఒక్కటే చెప్తే ఏ లావాదేవీని వెంబడించాలో అవతలివాళ్లకు తెలియదు. చాలామంది ఇక్కడే తడబడుతున్నారు. అక్కడ ఇచ్చే అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరును జాగ్రత్త చేసి, సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్ పోర్టల్‌లో ఫిర్యాదు పూర్తి చేయండి. వివరణ కనీసం 200 అక్షరాలు ఉండాలి. స్లాష్, బ్రాకెట్, కొటేషన్ లాంటి గుర్తులు పెడితే ఫారం ముందుకు పోదు. తేదీని కూడా మాటల్లోనే రాయండి.

డబ్బు పోగొట్టుకుని చేతులు వణుకుతున్న మనిషి చేత ఇన్ని షరతుల ఫారం నింపించడం దారుణం. పెట్టె పక్కనే తప్పెక్కడో తెలుగులో చూపిస్తే సగం మంది మధ్యలో వదిలేయరు.

బ్యాంకుకు రాతపూర్వకంగా విడిగా ఇవ్వాలి. రిజర్వ్ బ్యాంక్ 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కానప్పుడు మూడు పనిదినాల్లో చెప్తే ఖాతాదారుకు నష్టం ఉండకూడదు. ఏపీకే ఇన్‌స్టాల్ చేసిన కేసులో 'మీ నిర్లక్ష్యమే' అని బ్యాంకు వాదిస్తుంది. వాదించనివ్వండి. అదే సర్క్యులర్ ప్రకారం, నిర్లక్ష్యం ఖాతాదారుదే అయినా, సమాచారం ఇచ్చిన తర్వాత పోయిన ప్రతి రూపాయికీ బ్యాంకే బాధ్యత. కాబట్టి మీరు చెప్పిన సమయం రుజువు కావాలి. కస్టమర్ కేర్ ఇచ్చే ఫిర్యాదు నంబరు, బ్రాంచిలో మీ కాపీ మీద తేదీతో సహా స్టాంపు తీసుకోండి. 30 రోజుల్లో తేల్చకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు రాయండి, వివరాలకు ఫోన్ నంబరు 14448. హోల్డ్ అయిన డబ్బు దానంతటదే ఖాతాలో పడదు, చాలా కేసుల్లో కోర్టు ఉత్తర్వు కావాలి. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా కూడా ఇలా తిరిగి ఇప్పిస్తున్నారు, సైబర్ క్రైమ్ స్టేషన్‌లో మీ కేసు దాంట్లోకి వస్తుందేమో అడగండి.

ఇక ఫార్మాట్ సంగతి. దాంతో మెసేజ్ పంపిన నంబరు, ఫైల్ పేరు, వచ్చిన సమయం అన్నీ పోయాయి. వాట్సాప్ బ్యాకప్ ఉంటే చాట్ దొరకవచ్చు, చూడండి. అయితే అందులోని ఏపీకేను మళ్లీ తాకవద్దు. ఇది చదివేవాళ్లు వరుస గుర్తుపెట్టుకోండి. ముందు ఆ ఫోన్‌లో డేటా, వైఫై ఆపేసి, సిమ్ తీసి మామూలు బటన్ల ఫోన్‌లో వేయండి. ఓటీపీలు ఇక అక్కడికి వస్తాయి, దొంగ యాప్‌కు అందవు. 1930కి ఆ ఫోన్ నుంచే చేయండి. పాడైన ఫోన్ స్క్రీన్‌ను ఇంకో ఫోన్‌తో ఫొటోలు తీయండి. ఫార్మాట్ అన్నిటికంటే చివర.

ఏమీ తెరుచుకోకపోవడమే ఆ ఫైల్ పని చేసిందనడానికి గుర్తు. ఇన్‌స్టాల్ అయ్యాక ఐకాన్ దాచేసుకుంటుంది. అది అడిగేవాటిలో నన్ను ఎక్కువ భయపెట్టేది కెమెరా కాదు, కాంటాక్ట్స్ కాదు, ఎస్ఎంఎస్ అనుమతి. యూపీఐ యాప్ కొత్త ఫోన్‌లో మొదలవ్వాలంటే మీ సిమ్ నుంచి ఒక ఎస్ఎంఎస్ పోవాలి. యూపీఐ పిన్ పెట్టాలంటే సాధారణంగా డెబిట్ కార్డు చివరి ఆరంకెలు, గడువు తేదీ, ఓటీపీ చాలు. 'చలానా ధ్రువీకరణకు ఒక్క రూపాయి కట్టండి' అనే దొంగ పేజీ మీ చేత ఆ కార్డు వివరాలు కొట్టిస్తుంది. ఓటీపీని ఎస్ఎంఎస్ అనుమతితో యాప్ చదివేస్తుంది. మీరు ఎవరికీ ఏమీ చెప్పనక్కర లేదు. 'ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు' అని ఏళ్ల తరబడి చేసిన ప్రచారం ఈ మోసం ముందు పనికిరాకుండా పోయింది.

ఫోన్లు తయారుచేసేవాళ్ల మీద నా కోపం కూడా ఇక్కడే. వాట్సాప్‌లో వచ్చిన ఫైల్‌ను ఇన్‌స్టాల్ చేయనిచ్చి, వెంటనే ఎస్ఎంఎస్ చదివే అనుమతి కూడా ఒక్క నొక్కుతో ఇచ్చే ఫోన్ ఇంకా ఎందుకు అమ్ముతున్నారు? ప్లే స్టోర్ బయటి నుంచి వచ్చిన యాప్‌కు ఆ అనుమతి 24 గంటలదాకా దొరకకుండా చేస్తే ఈ మోసానికి నడుము విరుగుతుంది. ఏటా కెమెరా మార్చడానికి ఉన్న తీరిక దీనికి లేదు. అప్‌డేట్లు ఆగిపోయిన చవక ఫోన్లను బ్యాంకు యాప్‌తో సహా వాడుతున్న రైతు కుటుంబాలు మన దగ్గర ఎన్నో. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన డబ్బు పడే ఖాతాను యూపీఐకి తగిలించకండి. చిన్న మొత్తం ఉండే వేరే ఖాతాను తగిలించండి. సెట్టింగ్స్‌లో 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్' తెరిచి వాట్సాప్‌కు, బ్రౌజర్‌కు ఆ అనుమతి తీసేయండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో ఇవాళే చేయండి.

ప్రశ్న: మెసేజ్‌లో మా బండి నంబరు, పేరు సరిగ్గానే ఉన్నాయి. అంటే ఆర్టీఏ నుంచి లీకయినట్టేనా? అదీగాక మా ఆర్సీలో నా ఫోన్ నంబరు కాకుండా, రిజిస్ట్రేషన్ చేయించిన ఏజెంట్ నంబరు ఉందని ఇప్పుడు తెలిసింది. (జనగామ)

జవాబు: నంబరు, పేరు సరిగ్గా ఉన్నంత మాత్రాన మెసేజ్ అసలైనది కాదు. బండి నంబరు రోడ్డు మీద అందరికీ కనబడేదే, దాన్ని కొడితే యజమాని వివరాలు చూపించే యాప్‌లు బోలెడు. వాహనాల డేటాను పెద్ద మొత్తంలో అమ్మడానికి కేంద్ర రవాణా శాఖ 2019లో ఒక విధానమే తెచ్చి, గోప్యత మీద ఆందోళనలు రావడంతో 2020లో వెనక్కి తీసుకుంది. అప్పటికే బయటికి పోయిన డేటా వెనక్కి రాదు కదా.

రెండోది ఇంకా ముఖ్యం. ఆర్సీకి జతచేసిన నంబరుకే ఓటీపీలు, చలానా సమాచారం వస్తాయి. ఏజెంట్ నంబరు ఉంటే మీ బండి తాళం ఒకటి అతని దగ్గర ఉన్నట్టే. ఆర్సీ, ఆధార్ నకళ్లు జతచేసి, నంబరు మార్చమని దరఖాస్తు రాసి, బండి రిజిస్టర్ అయిన ఆర్టీఏ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. మీ అనుమతి లేకుండా ఏ లావాదేవీ అయినా జరిగి ఉంటే అందులోనే తేదీతో రాయండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అదే కాపీ ఇవ్వండి. లంచం అడిగితే ఏసీబీ టోల్‌ఫ్రీ 1064. దాన్ని ఈ దరఖాస్తులో కలపకండి, రెండూ ఆగిపోతాయి.

బండి అమ్మినవాళ్లకూ ఒక మాట. పేరు మార్చకుండా తాళం ఇచ్చేస్తే కొన్నవాడి చలానాలు మీకే వస్తాయి. పేరు మార్పుకు ఇచ్చే ఫారం 29, 30 నింపడం కొన్నవాడికే వదిలేయకండి. రాష్ట్రంలోపల అమ్మితే 14 రోజుల్లో సమాచారం ఇవ్వాలన్నది మోటారు వాహనాల చట్టంలో అమ్మినవాడికి పెట్టిన బాధ్యత.

ప్రశ్న: చలానా నిజమే, పోలీసు వెబ్‌సైట్‌లోనే ఉంది. కానీ ఫొటోలో ఉన్నది మా స్కూటర్ కాదు, ఎవరిదో బైకు. (కరీంనగర్)

జవాబు: కట్టకండి. కడితే ఆ ఉల్లంఘన మీదేనని ఒప్పుకున్నట్టవుతుంది. ఫొటోను పెద్దది చేసి నంబరు ప్లేటు చూడండి. 3ను 8గానో, బీని డీగానో చదివి ఉంటే అది చదవడంలో తప్పు, ట్రాఫిక్ పోలీసులు సరిచేస్తారు. ప్లేటు మీద అచ్చంగా మీ నంబరే ఉంటే మీ నంబరుతో ఇంకో బండి తిరుగుతున్నట్టు. అప్పుడు చలానా సవరణ సరిపోదు, స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి. మీ స్కూటర్‌ను ముందు, వెనక, రెండు పక్కల ఫొటోలు తీసి, చాసిస్ నంబరు ముద్ర కనబడే దగ్గరి ఫొటో ఒకటి, ఆర్సీ, బీమా కాపీలు జతచేయండి. ఆ బండి రేపు ప్రమాదం చేసినా, దొంగతనంలో దొరికినా ముందు వెతికేది మిమ్మల్నే, ఫిర్యాదు తేదీ మిమ్మల్ని కాపాడుతుంది.

ప్రశ్న: మెసేజ్ వచ్చింది, నేను తెరవలేదు, డబ్బేం పోలేదు. అయినా ఫిర్యాదు చేయాలా? (ములుగు)

జవాబు: చేయాలి. కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లోని చక్షు విభాగం ఉన్నదే దీనికోసం. పంపిన నంబరు, వచ్చిన సమయం, స్క్రీన్‌షాట్ ఉంటే చాలు. ఆ నంబరు మీకు తెలిసినవాళ్లదైతే ముందు వాళ్లకు మామూలు కాల్ చేసి చెప్పండి. వాళ్ల ఫోన్ ఇప్పటికే మోసగాళ్ల చేతిలో ఉండి ఉంటుంది, వాట్సాప్‌లో పెట్టే హెచ్చరికను వాళ్లకంటే ముందు మోసగాడే చదువుతాడు. వాళ్ల చేత వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'లింక్డ్ డివైసెస్' తెరిపించి, తెలియనివన్నీ లాగౌట్ చేయించి, టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టించండి.