బాంబు పేలిన రోజు కాదు, దానికి ముందు ఇరవై ఏళ్లు

ప్రశ్న: మాది కర్నూలు, వన్ టౌన్‌లో ఇరవై ఏళ్లుగా బట్టల కొట్టు. మావాడు బి.ఏ. హిస్టరీ రెండో ఏడు. ఆరు నెలలుగా రాత్రి రెండింటి దాకా టెర్రరిస్టు దాడుల డాక్యుమెంటరీలే చూస్తున్నాడు. గ్రూప్స్ కోచింగ్‌లో చేరమంటే 'నేను ఇట్లాంటివే తీస్తా నాయనా' అంటాడు. పోలీసుల కంట్లో పడతాడేమోనని వాళ్లమ్మకు టెన్షన్. దీంతో పొట్ట గడుస్తుందా సార్? వాడి నోట్‌బుక్కులో ఒక పేజీ ఫొటో తీసి పంపుతున్నా.

జవాబు: మీ ఉత్తరం కన్నా ఆ ఫొటోనే ఎక్కువసేపు చూశాను. పేజీ అడుగున '11 సెప్టెంబరు 2001' అని ఒకే ఒక్క లైను, అమెరికా మీద అల్ ఖైదా దాడి చేసిన తేదీ. పేజీ అంతా దానికి ముందు, అల్ ఖైదాకు అడ్డా అయిన అఫ్గానిస్థాన్ కథే. 1979లో సోవియట్ సేనలు అఫ్గానిస్థాన్‌లోకి, 1989లో వెనక్కి, 1996లో కాబూల్ తాలిబన్ల చేతికి. పక్కన పెన్సిల్‌తో 'ఆయుధాలు ఎవరిచ్చారు?' అని రాసి రెండు గీతలు గీశాడు. మంటలు, పొగ చూసి మురిసేవాడు ఈ పేజీ రాయడు. మీవాడిని పట్టుకున్నది చరిత్ర.

ఒక లోపం మాత్రం ఉంది. ఏ ముక్క ఎక్కడ దొరికిందో రాసుకోలేదు. ఇంకో డాక్యుమెంటరీలో విన్నదా, పుస్తకంలో చదివిందా? ఈ రంగంలో తొలి ఉద్యోగాలు రీసెర్చ్‌లోనే దొరుకుతాయి. పాత ఫుటేజీ వెతకడం, తేదీలు సరిచూడటం, మాటలు తర్జుమా చేయడం అక్కడి పని. కెమెరా పట్టుకునేది ఆ తర్వాత.

2008 నవంబరు 26న ముంబయి మీద పదిమంది విరుచుకుపడి 166 మంది ప్రాణాలు తీశారు. వాళ్లు పాకిస్థాన్‌లో ఉన్న తమ పెద్దలతో ఫోన్లో మాట్లాడిన మాటలు రికార్డయ్యాయి. మరుసటి ఏడాదే వాటి ఆధారంగా బ్రిటన్ టీవీలో డాక్యుమెంటరీ వచ్చింది. అలాంటిది తీయాలంటే ముందు ఎవరో హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ మాటలు ఒక్కొక్కటిగా విని రాయాలి. కర్నూలులో ఉర్దూ మాట వచ్చి లిపి రానివాళ్లు చాలామంది. డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ యూనివర్సిటీ మీ ఊళ్లోనే ఉంది. లిపి నేర్చుకోమనండి. నా లెక్కలో అది డ్రోన్ కెమెరా కన్నా విలువైన పెట్టుబడి.

అదే దాడిలో కమాండోలు హెలికాప్టర్ నుంచి దిగడాన్ని మన చానళ్లు లైవ్‌లో చూపించాయి. దాడి చేసినవాళ్లలో ప్రాణాలతో దొరికిన కసబ్ కేసులో 2012లో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా తప్పుపట్టింది. ఇలాంటి ఆపరేషన్లను లైవ్‌లో చూపకూడదని 2015లో కేబుల్ టీవీ నిబంధనల్లో చేర్చారు. ఇంటర్వ్యూలో ఎవరైనా అడగదగ్గ సంగతి ఇది.

కోర్సు సంగతికొస్తే, ముందు బి.ఏ. పూర్తిచేయాలి, మధ్యలో మానొద్దు. తర్వాత ఢిల్లీ జామియాలో ఎం.ఏ. మాస్ కమ్యూనికేషన్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్, పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. మూడింటికీ పోటీ గట్టిదే.

డబ్బు గురించి అబద్ధం చెప్పను. మొదటి మూడు నాలుగేళ్లు ప్రాజెక్టు ఉంటే జీతం, లేకపోతే లేదు. గ్రూప్స్ కోచింగ్ ఇప్పుడే వద్దు కానీ, ఆ దారి మూసేయకండి. ఎటూ చదివేది చరిత్రే కదా.

అమ్మగారికి చెప్పండి, టీవీలో, ఓటీటీలో వచ్చేవి చూస్తే ఏ పోలీసూ రాడు. ఉగ్రవాద సంస్థల ప్రచార వీడియోలు, వాళ్ల గ్రూపుల జోలికి మాత్రం సరదాకైనా పోకూడదు. అర్ధరాత్రి చావులు చూస్తూ పడుకోవడమూ మంచిది కాదు. పగలు చూడమనండి.

ఇక వాడికి నేనిచ్చే హోంవర్క్. వన్ టౌన్‌లో ఇరవై ఏళ్లుగా కొట్టంటున్నారు కాబట్టి 2009 అక్టోబరు వరద గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. అప్పటికి మీవాడికి ఊహ కూడా తెలిసుండదు. తుంగభద్ర, హంద్రీ ఊరి మీద పడ్డ ఆ రోజును, అంతకుముందు శ్రీశైలం గేట్ల దగ్గర ఏం జరిగిందన్న ప్రశ్నను కలిపి పది నిమిషాల వీడియో తీయమనండి. ఫోన్ చాలు. వరదలో నష్టపోయినవాళ్లను కెమెరా ముందు ఎలా పలకరించాలో, ఎక్కడ ఆపేయాలో అక్కడే తెలుస్తుంది. మొదటి ఇంటర్వ్యూ మీదే కానివ్వండి. కొట్టులో నీళ్లు ఏ అరదాకా వచ్చాయో చెయ్యి పెట్టి చూపించండి.