పాత రోల్ ప్లేయింగ్ గేమ్స్ ఇప్పుడు ఆడాలా అని అడిగావు కదా

చిరంజీవి చిన్నీకి,

మీ బాబాయి ఆశీస్సులు. బాల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ ఆట పూర్తయిందనీ, దాని మొదటి రెండు భాగాలూ కూడా ఆడాలా, లేక టైమ్ దండగా అనీ అడిగావు. ఆడు. అయితే "చరిత్ర తెలుసుకోవాలి" అనుకుని మాత్రం మొదలుపెట్టకు. అలా మొదలుపెట్టినవాళ్లు రెండో రోజుకే చాప చుట్టేస్తారు.

1998 నాటి బాల్డర్స్ గేట్ నీకు ముందుగా చూపించేది నీ చావునే. ఫ్రెండ్లీ ఆర్మ్ ఇన్ అనే సత్రానికి వెళ్లమంటారు. హమ్మయ్య, చేరాం అనుకునేసరికి మెట్ల మీద టార్నెష్ అనే మాంత్రికుడు పలకరిస్తాడు. మంచివాడే అనుకుంటావు. మాటలు అయ్యాయో లేదో, తనలాంటి బొమ్మలు నాలుగైదు చుట్టూ పుట్టించుకుంటాడు. ఆ వెంటనే ఇంకో మంత్రం వేస్తే నీ జట్టువాళ్లంతా హడలిపోయి తలో దిక్కూ పరుగు. నువ్వు కూడా లెవెల్ 1 మాంత్రికుడివే అయితే నీ ప్రాణం 4 పాయింట్లు, మహా అయితే 6. నేను ఎనిమిదిసార్లు చచ్చాను. కిటుకు చెప్పేస్తున్నా: మాటలు ముగిసిన క్షణమే స్పేస్‌బార్ కొట్టి ఆటను ఆపు. అందరి చేతా వాడి మీదే బాణాలు వేయించు. ఆ బొమ్మలు దెబ్బకొకటి చొప్పున పోతాయి. అసలువాడికి దెబ్బ తగిలితే నోట్లో ఉన్న మంత్రం చెడిపోతుంది. లోపలికి వెళ్లేముందు సేవ్ చెయ్యమని వేరే చెప్పాలా?

ఇక థాకో, అంటే నీ దెబ్బ తగలాలంటే పాచిక మీద ఎంత పడాలో లెక్కగట్టే అంకె. దీన్ని చూసి భయపడే సగంమంది పారిపోతారు గానీ, ఉన్నది ఒక్క తీసివేతే. నీ థాకో 20, ఎదుటివాడి ఆర్మర్ క్లాస్, అంటే రక్షణ అంకె, 5 అనుకో. ఇరవై ముఖాల పాచిక మీద 15 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే దెబ్బ తగిలినట్టు. ఆర్మర్ క్లాస్ ఎంత తగ్గితే అంత గట్టి రక్షణ, అదొక్కటే తిరకాసు. దీనికోసం ఒక సాయంత్రం మాన్యువల్ చదువు. అప్పట్లో మాన్యువల్ కూడా ఆటలో భాగమే.

మొదటి భాగం మరీ విసుగనిపిస్తే మొహమాటపడకు, 2000లో వచ్చిన రెండోదానికి వెళ్లిపో. మనుషులూ, మాటలూ, మలుపులూ అందులోనే చిక్కగా ఉంటాయి.

నన్నడిగితే నీలాంటివాడు ఫాలౌట్‌తో మొదలుపెట్టాలి. 1997 నాటిది, చిన్న ఆట. నీ జనం తలదాచుకున్న వాల్ట్ 13 అనే భూగర్భ ఆశ్రయంలో నీళ్లు శుద్ధిచేసే చిప్ పాడైపోతుంది, 150 రోజుల్లో ఇంకోటి వెతికి తేవాలి. ఎక్కడుందో చెప్పే బాణం గుర్తేమీ ఉండదు. ఎవరేం చెప్పారో ఒక నోట్‌బుక్‌లో రాసుకో. ఒకసారి అయ్యాక, తెలివి పాయింట్లు 3కి దించి మళ్లీ ఆడు. నీ పాత్రకు సరిగ్గా మాటే రాదు, జనం నీతో మాట్లాడే తీరు మొత్తం మారిపోతుంది. నేను పగలబడి నవ్వాను.

ప్లేన్‌స్కేప్ టార్మెంట్ (1999) మాత్రం చదవడం ఇష్టమైతేనే. శవాల గదిలో లేస్తావు, నీ పేరే నీకు గుర్తుండదు. గాల్లో తేలే పుర్రె ఒకటి వచ్చి నీ వీపు మీది పచ్చబొట్టు చదివి వినిపిస్తుంది. పోరాటాలు చప్పగా ఉంటాయి, అబద్ధమెందుకు. అందుకే పాయింట్లు కండబలానికి కాదు, వివేకానికి పెట్టు.

అంతకంటే వెనక్కి నిన్ను తోయను. 1981 నాటి విజార్డ్రీ అనే ఆటకు మ్యాపు గళ్ల కాగితం మీద నువ్వే గీసుకోవాలి. ఆ ఓపిక నాకుంది, నీకుండాలని లేదు. ఒక్క అల్టిమా 4 (1985) గురించి మాత్రం చెప్పకుండా ఉండలేను. అందులో చంపాల్సిన దుష్టుడంటూ లేడు, నువ్వు మంచివాడివి కావడమే ఆట. మూలికలమ్మే ఆమెకు కళ్లు కనబడవు. ఎంత ఇస్తున్నావో నువ్వే చెప్పాలి. తక్కువిచ్చినా ఆమె ఏమీ అనదు, ఆట మాత్రం లెక్క రాసుకుంటుంది. నేను మొదటిసారి తక్కువే ఇచ్చాను.

ఏదో ఒక్కటే ఎంచుకో. పది గంటలు ఇవ్వు, గైడ్ తెరవకు. అప్పటికీ పట్టకపోతే తీసెయ్, నేనేమీ అనుకోను. బాల్డర్స్ గేటే పట్టుకుంటే, టార్నెష్ చేతిలో ఎన్నిసార్లు పోయావో లెక్క రాసి పంపు.

మీ బాబాయి